చివరిదాకా పట్టు సడలని ఫాంటసీ సామ్రాజ్యాల గేమ్ ఏది?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. శనివారం రాత్రి రూమ్మేట్స్‌తో కూర్చుని వంతులవారీగా ఆడే ఫాంటసీ స్ట్రాటజీ గేములంటే నాకు ప్రాణం.

1994లో వచ్చిన మాస్టర్ ఆఫ్ మ్యాజిక్‌లో ఆర్కానస్, మిర్రర్ అని రెండు లోకాలుంటాయి. రెండోదానికి దారి దొరికితే ఆట మళ్లీ మొదలైనట్టే. 2014 నాటి ఎండ్‌లెస్ లెజెండ్‌లో బ్రోకెన్ లార్డ్స్ అనే జాతి నాకు మరీ ఇష్టం. వాళ్లకి తిండి అక్కర్లేదు. జనాభా పెంచాలంటే డస్ట్ అనే ధనం పోయాలి. జాతి మారితే బొమ్మలే కాదు, మనం ఆలోచించే పద్ధతీ మారాలి. ఫాంటసీకి అసలు అందం అదేనని నా నమ్మకం. ఈ గేమ్‌లోనే చలికాలం రాగానే పంట, సైన్యం నడక రెండూ తగ్గిపోవడం కూడా భలే టెన్షన్ పెడుతుంది.

ఇబ్బందల్లా సగం ఆట అయ్యాక. ఎవరు గెలుస్తారో తెలిసిపోతుంది, మిగతాదంతా సైన్యాల్ని జరపడమే. మావాళ్లకి అక్కడే విసుగొస్తోంది.

2023లో వచ్చిన ఏజ్ ఆఫ్ వండర్స్ 4 కొందామనుకుంటున్నాం. ఆడినవాళ్లు చెప్పండి: వెనకబడినవాడికి చివర్లో అవకాశం ఉంటుందా? నలుగురు ఆడితే ఒక్కో వంతు ఎంతసేపు పడుతుంది? యుద్ధాల్ని మనం ఆడకుండా కంప్యూటర్‌కే వదిలేస్తే ఫలితం న్యాయంగా వస్తుందా? చిన్న మ్యాప్ పెట్టుకోవడం మేలా? ఇంకో గేమ్ మంచిదనిపిస్తే అదీ చెప్పండి, ఎందుకో మాత్రం వివరంగా రాయండి.