‘నేను దేహి యనుచు’: విరుపు ఎక్కడ?

పురుషోత్తమ చౌదరిగారి క్రైస్తవ కీర్తన ‘త్రాహిమాం క్రీస్తునాథ’ పల్లవి పొద్దున్నుంచీ వదలట్లేదు. ‘దయఁ జూడ రావే’ తర్వాత ‘నేను దేహి యనుచు’ వస్తుంది కదా. కొందరు ‘నేను’ దగ్గర ఆగి ‘దేహి’ ఎత్తుకుంటారు, కొందరు ‘నేను దేహి’ ఒకే ఊపిరిలో లాగేస్తారు. ఏది సరి? పనిలోపని, ‘రావే’ అన్న పిలుపు ప్రభువుకి పొసగుతుందా?

— రెండోదానికి పోతన ఎప్పుడో జవాబిచ్చాడు: ‘రావే యీశ్వర, కావవే వరద’. ఆ ‘వే’లో ఆడా మగా లేదు, వేడుకోలే.

— మొదటిదానికి ప్రాస చూడండి. త్రాహి, దేహి, రెండో అక్షరం ‘హి’. పాదం ‘దేహి’తోనే మొదలు, ‘నేను’ దానికి ముందు వేసిన ఊతం. రెండూ సంస్కృత క్రియలే: కాపాడు, ఇయ్యి.

— ప్రాస సరే. ‘దేహి’కి శరీరధారి అన్న అర్థం ఎటు పోయింది? ‘నేను దేహి అనుచు’ అంటే ‘దేహం మోస్తున్నవాణ్ణి స్వామీ’ అని మొర. ‘త్రాహిమాం’ అని ఎత్తుకున్న మనిషికి ఈ శ్లేష తెలియకుండా పడిందంటే నమ్మను.

— ఎక్కడ పడితే అక్కడ శ్లేష వెతకడం మన జబ్బు. 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకుని, ఊరూరా బోధించిన పాస్టరుగారాయన. సంఘమంతా గొంతు కలపాలని రాశారు, అవధానానికి కాదు. భిక్షాందేహిలో దేహి, అంతే.

— గొంతు కలిపితే చాలనుకుంటే ఆ కీర్తనల నెత్తిన రాగం, తాళం ఎందుకుంటాయండీ?

— పోతన మాట వచ్చింది కనక. గజేంద్రుడు ‘నీవే తప్ప నితఃపరం బెరుగ’ అన్నాక ‘రావే’ అంటాడు. చౌదరిగారు వరస తిప్పారు: ముందు ‘రావే’, ఆ తర్వాతే ‘నీ పాదములే దిక్కు’. నాకు ఈ వరసే నచ్చుతుంది. మొసలి నోట్లో కాలున్నవాడికి ముందొచ్చేది కేక.

— కేకకి ముందు ‘ఎవ్వనిచే జనించు’ అంటూ ఎంత వేదాంతం చెప్పాడో మరిచారా?

— ఆ పద్యం ఎత్తారూ, ఇక రాత్రికి నిద్ర లేదు.

— అయ్యా, ఆదివారం పాడాలి. ‘నేను’ దగ్గర ఆగాలా వద్దా?

— మీరు ఏ తాళంలో పాడుతున్నారు?