డిస్ట్రిబ్యూటర్ 'కూర్చోలేదా', 'దిగలేదా', 'కుదర్లేదా'?

మా బావమరిది పాత పెట్రోలు జీపుకి ఇంజిన్ ఓవరాయిలింగ్ చేయించాడు. హరికేన్ ఇంజిను, నాలుగు సిలిండర్లు. బోరు కొట్టించి, కొత్త పిస్టన్లేసి, అన్నీ బిగించాక పని డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వరసగా కరెంటు పంచే సామాను) దగ్గర ఆగింది. ఇంజిన్ బ్లాకు మీద వేలెడు మందాన లేచి నిలబడింది, కిందికి పోదు. నెల్లూరు షెడ్డులో ఆ పూట ముగ్గురు మూడు మాటలన్నారు. పని నేర్చుకునే కుర్రాడు "సీటింగ్ రాలేదన్నా" అన్నాడు. మావాడు "కూర్చోవట్లా" అన్నాడు. మేస్త్రి మాత్రం "ఇంకా దిగందే కూర్చోడం యాడిది అబ్బయా" అన్నాడు.

కుర్రాడు క్లాంపు బోల్టు బిగించి కిందికి లాగేద్దామని స్పానర్ తీశాడు. మేస్త్రి చెయ్యి పట్టుకుని ఆపాడు. అట్టా దించితే లోపల నాలికన్నా విరుగుద్ది, బయట క్లాంపన్నా పగులుద్ది. ఈ ఇంజిన్లో ఆయిల్ పంపు షాఫ్టు కొసన గాడి ఉంటుంది, డిస్ట్రిబ్యూటర్ అడుగునున్న నాలిక అందులో పడాలి. ఆ గాడి నట్టనడుమ ఉండదు, ఓ పక్కకి జరిగి ఉంటుంది. అందుకని చుట్టు మొత్తంలో ఒక్కచోటే పడుతుంది. ఆయన క్యాప్ తీసి, అరచేత్తో పైన మెల్లిగా అదిమి, రెండో చేత్తో రోటర్ని (క్యాప్ కింద తిరిగే ముక్క, ఏ ప్లగ్గు వైరు వైపు చూస్తే దానికి కరెంటు) తిప్పుతా పోయాడు. టక్కుమంది. వేలెడు ఎత్తూ పోయింది.

"దిగింది. కుదిరిందో లేదో స్టార్ట్ చేస్తే తెలుస్తది."

కుదర్లేదు. కార్బరేటర్లోంచి దగ్గింది. మొదటి సిలిండర్ ప్లగ్గు తీసి, రంధ్రం మీద బొటనవేలు పెట్టి, గాలి తోసేదాకా ఇంజిన్ని చేత్తో తిప్పారు (పిస్టన్ పైకి రెండుసార్లొస్తే కంప్రెషన్‌లో వచ్చేది ఒకసారే). అప్పుడు చూస్తే రోటర్ ఒకటో ప్లగ్గు వైరు దగ్గర లేదు, ఎటో చూస్తోంది. ఆయిల్ పంపుని బిగించేటప్పుడు, దాన్ని తిప్పే క్యామ్ షాఫ్ట్ (వాల్వులు తెరిచే కడ్డీ) గేరుతో ఒక పన్ను తప్పించి వేశారు. పంపు ఊడదీసి, పన్ను జరిపి వేస్తే అందుకుంది.

నా గొడవ జీపు గురించి కాదు. పని నేర్చుకునే పిల్లల కోసం తెలుగులో నాలుగు పేజీలు రాస్తున్నా. "డిస్ట్రిబ్యూటర్‌ను కూర్చోబెట్టండి" అని రాశా. ఆ రోజు నుంచి ఆ వాక్యం నాకు కుదరడం లేదు. కుదురంటే కుండ కింద పెట్టే గడ్డిచుట్ట కూడా కదా. గుండ్రటి అడుగున్న కుండ ఉత్త నేల మీదా కూర్చుంటుంది, తగిలితే దొర్లుతుంది. కుదురు మీదైతే నిలుస్తుంది. బేరం కుదరాలన్నా, సంబంధం కుదరాలన్నా, మన చేపల పులుసు కుదరాలన్నా రెండు మూడు వేరు వేరు సంగతులు ఒకదానికొకటి ఒప్పుకోవాలి. మేస్త్రి లెక్కలోనూ పంపు పన్ను, రోటరు, పిస్టన్ ఒప్పుకుంటేనే 'కుదిరినట్టు'. మరి దిగడానికీ కుదరడానికీ మధ్య 'కూర్చోవడం' అవసరమా?

కామెంట్లలో ఒంగోలు నుంచి ఒక మాష్టారు: ఉంగరంలో రాయిని పొదిగినట్టు 'పొదగండి' అని రాయొచ్చుగా? అచ్చతెలుగు.

నేను: పొదిగింది మళ్లీ ఊడదీయం మాష్టారూ. ఇది లోపల కరెంటు కలిపి తెంపే పాయింట్లు అరిగినప్పుడల్లా చెయ్యి పెట్టే సామాను. మేస్త్రికి చదివి వినిపిస్తే నవ్వుతాడు.

కావలి నుంచి ఇంకొకరు: అన్నా, కొన్ని ఇంజిన్లలో గేరు డిస్ట్రిబ్యూటర్ షాఫ్టుకే ఉంటుంది. పళ్లు ఏటవాలుగా కోసుంటాయి గనక దిగేటప్పుడు రోటర్ దానంతటదే కొంత తిరుగుతుంది. 'తిరుక్కుంటా దిగుద్ది' అంటాం. గేరు పట్టినా కింద పంపు కడ్డీతో కలవకపోతే కాస్త ఎత్తు మిగిలిపోద్ది. పొడుగాటి స్క్రూడ్రైవర్ లోపలికి పెట్టి ఆ కడ్డీని కొంచెం తిప్పుకోవాలి. అప్పటిదాకా మా షెడ్డులో 'పట్టింది గానీ ఆనలేదు' అంటారు.

నేను: ఆనడం! తలుపు చట్రానికి ఆనినట్టు, వీపు గోడకి ఆనినట్టు. సందు లేకుండా తగలడమే కదా కావాల్సింది. నోట్లోనే ఉన్న మాట తట్టలేదు చూడండి. పేజీలో ఇట్టా మార్చా:

"నాలిక గాడిలో దిగేదాకా రోటర్ని తిప్పండి. డిస్ట్రిబ్యూటర్ అంచు బ్లాకుకి చుట్టూ ఆనిందో లేదో చూడండి. ఆనకపోతే బోల్టు జోలికి పోవద్దు."