చర్చ: పరాయి దేశంలో ఆడవాళ్లకి ధైర్యం రావాలంటే తోడు మానేయాలా, తోడుతోనే మొదలుపెట్టాలా?

గడపదాటి
విదేశానికి కొత్తగా వచ్చిన ఆడవాళ్ల గురించి రెండు మాటలు వినిపిస్తుంటాయి. భాష వచ్చేదాకా భర్తో, స్నేహితురాలో వెంట ఉండి పనులు చేసిపెట్టాలన్నది ఒకటి. మొదటి వారం నుంచే ఒంటరిగా తిరగాలి, అప్పుడే బెరుకు పోతుందన్నది రెండోది. నాది రెండో పక్షం. ఫోన్ పక్కవాళ్లు అందుకున్న ప్రతిసారీ ఆ పని ఎలా జరిగిందో ఆమెకి తెలియకుండా పోతుంది. డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికిందని తెలుస్తుంది గానీ, అవతలివాళ్లు ఏం అడిగారో, దానికి ఏం చెప్పాలో తెలియదు. రెండేళ్లు ఇలా గడిస్తే "నాకు చేతకాదు" అన్న మాట మనసులో పాతుకుపోతుంది. నిజానికి అది చేతకాకపోవడం కాదు, ఒక్కసారి కూడా చేసి చూడకపోవడం. మీరేమంటారు?

నెమలికన్ను
గడపదాటి గారూ, రోగం సరిగ్గానే పట్టుకున్నారు, మందే ఘాటెక్కువైంది. "ఈ పని నేను చేయగలను" అన్న నమ్మకం ఎక్కణ్నుంచి వస్తుందో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో వివరించాడు. స్వయంగా చేసి గెలవడం, మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, పక్కవాళ్లు చెప్పే ధైర్యం, ఆ క్షణాన మన గుండెదడ, వణుకు ఎలా ఉన్నాయన్నది. నాలుగింటిలో మొదటిదే బలమైనదన్నాడు, అంతవరకు మీ వాదనే. కానీ నమ్మకం గట్టిపడకముందే వరుసగా ఓడిపోతే అది కుంగిపోతుందని కూడా అన్నాడు. నీళ్లలో దిగితేగానీ ఈత రాదు, నిజమే. మొదటి రోజే నడిలోతులో దింపరు కదా.

అందుకే పనులకి ఒక వరుస ఉండాలి. ముందు, మనిషి ఎదురుగా కనబడేవి, తప్పినా నష్టం లేనివి: లైబ్రరీ కార్డు తీసుకోవడం, బస్సు పాస్ అడగడం, కొన్న వస్తువు రసీదుతో తిరిగి ఇవ్వడం. ఆ తర్వాత, ముందే టైం తీసుకుని వెళ్లే ఆఫీసు పనులు. ఫోన్ చివర. ఫోన్‌లో పెదవుల కదలిక కనబడదు, చేత్తో చూపించడానికి వీలుండదు, కాగితం మీద రాసి చూపలేం. చాలామంది ఫోన్‌తోనే మొదలుపెట్టి, అదే పోయిందని మిగతావన్నీ మానేస్తారు.

మూడోమలుపు
ఫోన్ చివరన్నదానికి నేనూ ఒప్పుకుంటాను. ఆ రోజు వచ్చినప్పుడు ఎలా చేయాలో కాస్త వివరంగా రాస్తాను.

కాల్ చేసేముందు కాగితం మీద నాలుగు లైన్లు రాసుకోవాలి: నా పేరు, నా ఫైల్ నంబరు, విషయం ఒక్క వాక్యంలో, నాకు కావలసింది ఒక్క వాక్యంలో. కింద ఆ దేశపు భాషలో మూడు వాక్యాలు: "నేను ఇంకా నేర్చుకుంటున్నాను, దయచేసి నెమ్మదిగా చెప్పండి", "నాకు అర్థమైంది చెప్తాను, సరేనా చూడండి", "ఇదే విషయం మెయిల్‌లో పంపుతారా?" ఈ మూడూ చూడకుండా వచ్చేదాకా పైకి అనాలి.

పేరు స్పెల్లింగ్ చెప్పేటప్పుడు బి, డి, పి, టి అవతలివాళ్లకి ఒకేలా వినబడతాయి. విమానయానంలో 1956 నుంచి వాడుతున్న పట్టిక, అంటే ఎ కి ఆల్ఫా, బి కి బ్రావో, సి కి చార్లీ అని ఒక్కో అక్షరానికి ఒక్కో మాట చెప్పేది, చాలా దేశాల్లో చెల్లుతుంది. మొత్తం అక్కర్లేదు, మీ పేరులో ఉన్న అక్షరాలకి నేర్చుకుంటే చాలు.

అంకెలు అన్నిటికంటే ప్రమాదం. ఇంగ్లీషులో థర్టీన్, థర్టీ కలిసిపోతాయి. జర్మన్‌లో 21ని "ఒకటీ ఇరవై" అన్నట్టు ముందు ఒకట్లు చెప్తారు, విన్నది విన్నట్టు రాస్తే 12 అవుతుంది. ఫ్రాన్స్‌లో 70 అంటే "అరవై పది". కాబట్టి తేదీ, టైం, గది నంబరు ఏదైనా ఒక్కో అంకె విడిగా తిరిగి చెప్పాలి.

ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది. అర్థం కాకపోయినా మొహమాటానికి "యెస్ యెస్" అనేయడం. అవతలివాళ్లకి అది ఒప్పుకోలు. కాంట్రాక్టు పొడిగింపుకో, అక్కర్లేని సేవకో ఒప్పుకున్నట్టు రాసుకుంటారు. "ఇప్పుడే జవాబివ్వలేను, రాతపూర్వకంగా పంపండి" అనడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కాల్ అయ్యాక తేదీ, మాట్లాడినవాళ్ల పేరు, ఏమన్నారో రాసుకోండి. రెండోసారి చేసినప్పుడు గొంతులో వణుకు సగం తగ్గేది ఆ కాగితం వల్లే.

గడపదాటి
వరుస ఉండాలన్న మాట ఒప్పుకుంటున్నాను. నా భయం వేరే. తోడొచ్చినవాళ్లు వెనక్కి తగ్గరు. కౌంటర్ దగ్గర ఆమె నోరు విప్పేలోపే వాళ్లు చెప్పేస్తారు, ఆఫీసరు కళ్లు కూడా వాళ్ల వైపే తిరుగుతాయి.

దారిదీపం
దానికి కుర్చీలే మందు అండీ. ఆమె ఆఫీసరుకి ఎదురుగా కూర్చోవాలి, తోడు కాస్త వెనక, పక్కగా. కాగితాల ఫైలు ఆమె చేతిలోనే ఉండాలి. పలకరింపు, వచ్చిన పని ఆమే చెప్పాలి, రెండు వాక్యాలు వచ్చినా చాలు. తోడు అనువదించాల్సి వస్తే "ఆవిడ ఏమంటోందంటే" అనకుండా, "నాకు ఫలానాది కావాలి" అని ఆమె మాటగానే చెప్పాలి. వృత్తిగా చేసే దుబాసీలు పాటించే పద్ధతి ఇదే.

ఆసుపత్రి మాత్రం వేరు. అక్కడ ఇంటివాళ్లని దుబాసీగా పెట్టుకోకండి, పిల్లల్ని అసలే వద్దు. సిగ్గుతోనో, కంగారు పెట్టకూడదనో మాటలు మింగేస్తారు. గర్భం, మానసిక బాధ, ఇంట్లో దెబ్బలు లాంటివి భర్త ముందు బయటికి రావు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే దుబాసీ కావాలని, వీలైతే ఆడమనిషి కావాలని అడగాలి. వెళ్లాక అడిగితే దొరక్కపోవచ్చు.

తాళంచెవి
అందరూ మాటల చుట్టూనే తిరుగుతున్నారు. కాగితాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది అంతకంటే ముందు ప్రశ్న. బ్యాంకు ఖాతా ఆమె పేరు మీదే ఉంటుంది, ఓటీపీ మాత్రం భర్త ఫోన్‌కి వెళ్తుంది. ఆ ఖాతా ఆమెది కానట్టే. సిమ్ ఆమె పేరున, మెయిల్ పాస్‌వర్డ్ ఆమెకే తెలిసి, ఖాతా ఆ నంబరుకి కలిసి ఉండాలి. పాస్‌పోర్టు, నివాస అనుమతి అసలువి ఆమె దగ్గరే ఉండాలి, స్కాన్ కాపీలు ఆమె మెయిల్లో ఉండాలి. భారత పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. దాన్ని "భద్రంగా దాస్తాను" అని లాగేసుకునే హక్కు మొగుడికీ లేదు, యజమానికీ లేదు. పోతే మళ్లీ ఇవ్వడం రాయబార కార్యాలయం పని, 1963 నాటి వియన్నా ఒప్పందం చెప్పిన కాన్సులర్ విధుల్లో, అంటే పరాయి దేశంలో ఉన్న తమ పౌరులకి చేసిపెట్టే పనుల్లో, అదీ ఒకటి.

ఎమర్జెన్సీ నంబరు కూడా. యూరోపియన్ యూనియన్‌లో 112, అమెరికాలో 911, ఆస్ట్రేలియాలో 000. జపాన్‌లో పోలీసులకి 110, అంబులెన్సుకి 119. ముందు ఎక్కడున్నారో చెప్పాలి, తర్వాత ఏం జరిగిందో. లైన్ తెగినా చిరునామా అందుతుంది. ఇంటి చిరునామా ఆ దేశపు ఉచ్చారణలో చెప్పడం తలుపు వెనక రాసి పెట్టుకుని అలవాటు చేసుకోవాలి.

నెమలికన్ను
తాళంచెవి గారి మాటతో వరుస మారింది. కాగితాలు, సిమ్ మొదటి వారంలోనే కావాలి, వాటికి తోడు తప్పదు. మిగతా పనుల్లో తోడుకి గడువు పెడదాం: మొదటి మూడు ఫోన్లు తోడు చేస్తుంది, స్పీకర్ మీద ఆమె వింటూ రాసుకుంటుంది. తర్వాతి మూడు ఆమె చేస్తుంది, తోడు పక్కన నోరు మూసుకుని కూర్చుంటుంది. ఆపై తోడు పక్క గదిలో.

గడపదాటి
పక్క గది చాలదు. పిలిస్తే వస్తారని తెలిస్తే మొదటి తడబాటుకే పిలుస్తుంది. ఏడో ఫోన్‌కి తోడు ఇంట్లో లేకుండా చూడండి, మిగతా వరుసంతా నాకు సమ్మతమే.