అప్‌డేట్: పిస్టల్ ఖాయమైంది, సప్రెసర్ మాత్రం వద్దనుకున్నాను

ఇంటి రక్షణకు తీసుకునే పిస్టల్‌కి సప్రెసర్ (కాల్పుల శబ్దం తగ్గించే గొట్టం) కూడా ఉండాలా, తూటా సైజు 9 ఎంఎం మేలా, అంతకన్నా లావైన .45 మేలా అని ఇంతకుముందు అడిగాను కదా. చివరికి మామూలు సైజు 9 ఎంఎం తీసుకున్నాను, సప్రెసర్ లేకుండా.

షూటింగ్ రేంజ్‌లో సప్రెసర్‌తోనూ, లేకుండానూ కాల్చి చూశాను. సినిమాల్లో వినిపించే ఆ 'ఫట్' మర్చిపోండి. 9 ఎంఎం శబ్దం దాదాపు 160 డెసిబెల్స్. సప్రెసర్ తగిలిస్తే 130 చుట్టుపక్కలకు దిగుతుంది. చెవులకు అది పెద్ద తేడానే, కాదనను. కానీ తూటా ధ్వనివేగాన్ని దాటితే వచ్చే పగులు శబ్దాన్ని సప్రెసర్ ఆపలేదు. .45 తూటాలు చాలావరకు ఆ వేగం లోపే వెళ్తాయి, అక్కడ మాత్రం దానిదే పైచేయి.

నాకు అడ్డొచ్చింది పొడవు. మూతి దగ్గర అరడుగు గొట్టం పెరిగేసరికి ముందుభాగం బరువెక్కింది, ఇరుకు చోట తిప్పడం కష్టం. గురి చూసే మామూలు సైట్లు దాని వెనక దాగిపోతాయి. పైగా సప్రెసర్ బిగించడానికి మరలున్న బ్యారెల్, ఆ బరువుతోనూ పిస్టల్ సరిగ్గా పనిచేయడానికి చాలా పిస్టళ్లకు స్ప్రింగ్ ఉన్న బూస్టర్ కూడా కావాలి. ఇక .45 అంటారా, పట్టు నా చేతికి లావు, తూటాలూ తక్కువే పడతాయి.

ఆ డబ్బుతో ఎలక్ట్రానిక్ ఇయర్‌మఫ్స్ కొన్నాను. మాటలు వినిపిస్తాయి, పేలుడు శబ్దం తగ్గుతుంది. ఒక లాక్ బాక్స్ కూడా. పిల్లలున్న ఇల్లు, బాక్స్ లేకుండా పిస్టల్ గడప దాటదని మా ఆవిడ ముందే తేల్చేసింది.