చదివినది పిల్లలకు గుర్తుండాలంటే కిటుకులు ఎంతవరకు పనికివస్తాయి?

ప్రశ్న (దేవరకొండ నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మా బిడ్డ తొమ్మిదో తరగతి చదువుతున్నది. రాత్రి తప్పు లేకుండా ఒప్పజెప్పిన పాఠాన్ని మరునాడు పొద్దున్నే అడిగితే సగం మరిచిపోతున్నది. ముఖ్యంగా సాంఘికశాస్త్రంలో వరుసగా చెప్పవలసినవీ, తెలుగులో ఛందస్సూ ఆమెను భయపెడుతున్నాయి. మొదటి అక్షరాలు కలిపి వాక్యం కట్టడం వంటి కిటుకులు నేర్పమని మా ఆడపడుచు అంటున్నది కానీ, చివరికి కిటుకు మిగిలి అసలు విషయం జారిపోతుందేమోనని నాకు అనుమానం. పిల్లలకు ఇటువంటివి నేర్పినవారు తమ అనుభవం చెప్పగలరా?

జవాబు (నాగర్‌కర్నూల్, విశ్రాంత తెలుగు పండితుడు)

అమ్మా, మీ అనుమానం సరైనదే. అయితే ఛందస్సుకు పెద్దలు ఎప్పుడో ఇచ్చిపోయిన కిటుకు ఒకటి ఉన్నది. "యమాతారాజభానసలగం" అన్న ఒక్క మాట నోటికి వస్తే ఎనిమిది గణాలూ (మూడక్షరాల గుంపులు) వచ్చినట్టే. ఏ గణం కావాలో ఆ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకోవాలి. య గణానికి "యమాతా", అంటే ఒక లఘువు (పొట్టిగా పలికే అక్షరం), రెండు గురువులు (నిడివిగా పలికేవి); భ గణానికి "భానస", అంటే ఒక గురువు, రెండు లఘువులు. ఇక్కడ విషయమంతా కిటుకులోనే ఉన్నది కనుక జారిపోయేది ఏమీ లేదు.

వృత్తాల (గణాల వరుసతో కట్టే పద్యాల) దగ్గర మాత్రం నేను వేరే దారి పట్టాను. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ (చివరి వ అంటే ఒక లఘువు, ఒక గురువు) అనీ, చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర అనీ విడివిడిగా బట్టీ పట్టించినన్నాళ్ళు పిల్లలు వాటిని తారుమారు చేస్తూనే ఉండేవారు. ఉత్పలమాల పాదంలో మొదటి గురువును తీసేసి, అక్కడ రెండు లఘువులు పెట్టి, మళ్ళీ మొదటినుంచి మూడేసి అక్షరాలుగా విడదీయమంటే, చంపకమాల వాళ్ళ చేతిలోనే తయారైంది. ఒక అక్షరం పెరిగింది కనుక యతిస్థానం (పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరవలసిన అక్షరం చోటు) 10 నుంచి 11కు జరిగిందని కూడా వాళ్ళే పట్టుకున్నారు. శార్దూలానికీ మత్తేభానికీ ఉన్న చుట్టరికం ఇదే. అక్కడ యతి 13 నుంచి 14కు జరుగుతుంది. నాలుగింటిని మోయవలసిన చోట రెండు మోస్తే చాలు.

జవాబు (నల్లగొండ, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు)

అక్కా, వరుసలకు అక్షరాల వాక్యం బాగానే పనిచేస్తుంది. కృష్ణానది మీద ఎగువనుంచి దిగువకు ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల ప్రాజెక్టులకు మా తరగతిలో "ఆ నాన్న జూలో శ్రీనుకు నాలుగు పులులు చూపించాడు" అని కట్టుకున్నాం. అందరికీ నచ్చింది, కానీ అందులో "నా" రెండుసార్లు వస్తుంది. పరీక్షలో కొందరు నాగార్జునసాగర్‌ను జూరాలకు ఎగువన రాశారు. మన జిల్లాలోని సాగర్‌ను మన పిల్లలే కర్ణాటకకు పంపారని నేను చాలా బాధపడ్డాను.

అప్పటినుంచి వాక్యం చెప్పేముందు నేల మీద సుద్దముక్కతో నదిని గీయించి, ఆరు రాళ్ళు పెట్టించి, ఎగువనుంచి నడిపిస్తున్నాను. మొదటి రెండు రాళ్ళు కర్ణాటకలో ఉంటాయి; నారాయణపేట జిల్లాలో కృష్ణ మన రాష్ట్రంలోకి వచ్చాక మొదటి రాయి జూరాల. నదిని ఒకసారి నడిచిన పిల్లలకు వాక్యం ఊతకర్ర మాత్రమే అవుతుంది.

జవాబు (వనపర్తి, లెక్కల మాస్టారు)

ఒక్క మాట కలుపుతాను. రాత్రి వచ్చినది పొద్దున పోవడం మీ బిడ్డ లోపం కాదు. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాలను తానే కంఠస్థం చేసి పరీక్షించుకొని, మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువగా ఉంటుందనీ, తరువాత నెమ్మదిస్తుందనీ 1885లోనే ప్రకటించాడు. కనుక ఏ కిటుకు నేర్పినా మరునాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి పుస్తకం మూసి అడగండి. ఆమె తడబడితే వెంటనే అందించకండి, వెతుక్కోనివ్వండి.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. రెండు వారాలుగా వాకిట్లో నది గీస్తున్నాం. రెండు "నా"ల చిక్కు గురించి చెప్పగానే మా బిడ్డ తానే వాక్యాన్ని మార్చుకున్నది: "ఆ నారాయణ జూలో శ్రీనుకు నాగునూ పులినీ చూపించాడు." నిన్న అడిగితే ఆరూ వరుసగా చెప్పింది, ఏది ఏ రాష్ట్రంలో ఉన్నదో కూడా చెప్పింది. పండితులవారు చెప్పినట్టు చంపకమాల కూడా చేసి చూసుకున్నది. శార్దూలంనుంచి మత్తేభం ఈ ఆదివారం చేస్తానంటున్నది.