ఎన్‌సీ లెక్కలో ఎనిమిదిన్నర రెట్లు తేడా. మీరెక్కడ తప్పారు?

చిప్పుల చిన్నోడు:
ఎంటెక్ రెండో సెమిస్టర్. 300 కెల్విన్ దగ్గర సిలికాన్ కండక్షన్ బ్యాండ్‌కి (ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరిగే ఎనర్జీల పట్టీ) ఎన్‌సీ, అంటే ఎఫెక్టివ్ డెన్సిటీ ఆఫ్ స్టేట్స్ (బ్యాండ్ అంచులోనే ఉన్నట్టు లెక్కేసుకునే ఎలక్ట్రాన్ సీట్ల సాంద్రత), సొంతంగా లెక్కేశాను. పుస్తకంలో ఘన సెంటీమీటరుకు 2.8×10^19 ఉంటే నాకు 3.3×10^18 వచ్చింది. ఫార్ములా మూడుసార్లు సరిచూశాను. ఎఫెక్టివ్ మాస్, అంటే స్ఫటికంలో ఎలక్ట్రాన్ చూపించే మాస్, మామూలు ఎలక్ట్రాన్ మాస్‌లో 0.26 వంతు పెట్టాను. ఎల్లుండే ప్రజెంటేషన్, టెన్షన్‌గా ఉంది.

గోదారి గట్టు:
ఆ 0.26 దగ్గరే పడ్డావు తమ్ముడూ. అది మొబిలిటీ (ఎలక్ట్రాన్ ఎంత తేలిగ్గా కదులుతుందన్నది) లెక్కకి వాడే మాస్. ఇక్కడ కావాల్సింది 1.08. సిలికాన్‌లో మాస్ ఒక దిక్కున 0.98, మిగతా రెండు దిక్కుల్లో 0.19. మూడూ గుణించి ఘనమూలం తీస్తే 0.33 దాకా వస్తుంది. వ్యాలీలు (కండక్షన్ బ్యాండ్‌లో ఎనర్జీ అట్టడుగుకి దిగే చోట్లు) ఆరు కాబట్టి 6^(2/3), అంటే 3.3తో హెచ్చవేయి. నేను ఇదే తప్పుతో ఒక చాప్టర్ మొత్తం రాసి గైడ్‌కిచ్చాను. ఆయన ఎర్ర పెన్నుతో "ఏ మాస్?" అని రెండు ముక్కలు రాసి తిరిగిచ్చారు.

పాత పంతులు:
నేను క్లాసులో బంతి భోజనాలతో మొదలుపెడతాను. వేసిన విస్తళ్లు డెన్సిటీ ఆఫ్ స్టేట్స్. ఏ విస్తరి ముందు మనిషి ఉంటాడన్నది ఫెర్మీ-డిరాక్. విస్తరికి ఒక్కరే. జనం పలచగా ఉన్నంతసేపు ఈ నియమం ఉన్నా లేకపోయినా ఒకటే, అప్పుడు ఈ నియమాన్ని పట్టించుకోని తేలిక సూత్రం బోల్ట్‌జ్‌మన్ చాలు. ఫెర్మీ లెవెల్ (విస్తరి నిండే అవకాశం సగం ఉండే ఎనర్జీ) కంటే 3 కేటీ (ఉష్ణ శక్తికి మూడు రెట్లు) పైన తప్పు 5 శాతమే. అదే ఫెర్మీ లెవెల్ బ్యాండ్ అంచుకి వచ్చేస్తే బోల్ట్‌జ్‌మన్ ఎన్‌సీ అంత చెబుతుంది, అసలు సంఖ్య అందులో 0.765 వంతే.

చిప్పుల చిన్నోడు:
1.08 పెడితే 2.8 వచ్చేసింది అన్నా! సార్, మీ 0.765 నాకు 0.678 వస్తోందేంటి?

పాత పంతులు:
2 బై రూట్ పై వదిలేశావు. కొందరు దాన్ని ఫెర్మీ ఇంటిగ్రల్‌లోనే (విస్తళ్లు, అవి నిండే అవకాశం గుణించి అన్ని ఎనర్జీలకీ కూడే లెక్క) కలుపుతారు, కొందరు బయట ఉంచుతారు. గుర్తు మాత్రం దాదాపు ఒకటే రాస్తారు, అదే ఖర్మ. రెండు చోట్ల నుంచి కోడ్ తెచ్చి అతికించే ముందు సున్నా దగ్గర విలువ 0.765 ఆ, 0.678 ఆ చూసుకో.

పల్చటి పొర:
క్వాంటమ్ వెల్‌లో, అంటే ఎలక్ట్రాన్లు పల్చటి పొరలో ఇరుక్కున్నప్పుడు, ఈ ఇంటిగ్రల్ బాధే లేదు. ఒక్కో సబ్‌బ్యాండ్‌కి (అలా ఇరుక్కోవడంతో బ్యాండ్ విడిపోయే మెట్టు) డెన్సిటీ ఆఫ్ స్టేట్స్ ఎనర్జీతో మారదు కాబట్టి జవాబు ఒక్క లాగరిథమ్‌తో తేలిపోతుంది. గాలియం ఆర్సెనైడ్‌లో చదరపు సెంటీమీటరుకు, ఒక్కో ఎలక్ట్రాన్‌వోల్టుకు 2.8×10^13. అందులో చదరపు సెంటీమీటరుకు 10^12 ఎలక్ట్రాన్లు పోస్తే గది వేడిలో ఫెర్మీ లెవెల్ సబ్‌బ్యాండ్ అడుగుకి 28 మిల్లీఎలక్ట్రాన్‌వోల్టులు పైన ఉంటుంది. నేను బోల్ట్‌జ్‌మన్ వాడి 8 అని పోస్టర్‌లో అచ్చు వేయించాను.

ఇంకో దెబ్బ క్వాంటమ్ కెపాసిటెన్స్, ఎలక్ట్రాన్లు పోసేకొద్దీ ఫెర్మీ లెవెల్ కూడా లేవడం వల్ల వచ్చేది. 1988లో లూరీ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు అది. పై సంఖ్యతో చూస్తే చదరపు సెంటీమీటరుకు 4.5 మైక్రోఫారడ్లు. గేట్ కింద ఉండే 1 నానోమీటరు సిలికాన్ ఆక్సైడ్ పొరది 3.45. రెండూ సిరీస్‌లో ఉన్నట్టే కాబట్టి మొత్తం 2 కూడా రాదు. తేలిక మాస్ ఉంటే ఎలక్ట్రాన్ వేగంగా పరుగెడుతుందని మురిసిపోతాం కానీ, కూర్చోడానికి విస్తళ్లే తక్కువ.

క్రయో కబుర్లు:
మా గోల చలి. 4.2 కెల్విన్‌లో సిలికాన్ ట్రాన్సిస్టర్ సిమ్యులేషన్ నడిపితే ఇంట్రిన్సిక్ సాంద్రత (మలినాల్లేని సిలికాన్‌లో ఉండే ఎలక్ట్రాన్ల సాంద్రత) సున్నా, దాని లాగ్ తీయగానే అంతా చెత్త. ఎందుకంటే ఘాతం మైనస్ 1600 దగ్గర ఉంటుంది, కంప్యూటర్ వాడే డబుల్ ప్రెసిషన్ సంఖ్య మైనస్ 745 దగ్గరే చేతులెత్తేస్తుంది. సాంద్రత బదులు దాని లాగ్‌ని వేరియబుల్‌గా పెట్టుకుని, 300 నుంచి మెల్లగా చల్లబరుస్తూ దిగాక గట్టెక్కాం.

తర్వాత కొలతలు. గది వేడిలో సబ్‌థ్రెషోల్డ్ స్వింగ్‌కి (ట్రాన్సిస్టర్ ఆన్ అయ్యే లోపు కరెంట్ పది రెట్లు, అంటే ఒక డికేడ్, పెరగడానికి కావాల్సిన గేట్ వోల్టేజ్) డికేడ్‌కి 60 మిల్లీవోల్టులు హద్దు కదా, అది బోల్ట్‌జ్‌మన్ తోకే. ఆ లెక్కన 4.2లో 0.83 రావాలి. మాకు 10 చుట్టూ ఆగిపోయింది. వారం రోజులు కేబుళ్లని తిట్టాను. చివరికి చూస్తే బ్యాండ్ అంచు కత్తితో కోసినట్టు ఉండదు, లోపాల వల్ల బ్యాండ్ల మధ్య ఖాళీ గ్యాప్‌లోకి కొన్ని స్టేట్స్ సాగుతాయి. చలిలో వాటి మాటే చెల్లుతుంది.

చిప్పుల చిన్నోడు:
ప్రజెంటేషన్ అయిపోయింది. ఎన్‌సీ గురించి ఒక్కరూ అడగలేదు! డోనర్ (ఎలక్ట్రాన్ ఇచ్చే మలినం) ఎంత నిండిందో చెప్పే ఫార్ములాలో ఆ సగం ఎందుకొచ్చిందని అడిగారు, నోరు తెరిచి నిలబడ్డాను.

గోదారి గట్టు:
డోనర్ మీద ఎలక్ట్రాన్ ఉంటే స్పిన్ పైకో కిందికో, రెండు రకాలు. లేకపోతే ఒకటే రకం. ఆ ఒకటి బై రెండే నీ సగం. ఇద్దరు ఒకేసారి కూర్చోలేరు, వికర్షణ తోసేస్తుంది. సిలికాన్ యాక్సెప్టర్లకైతే (ఎలక్ట్రాన్ పుచ్చుకునే మలినాలు) రెండు బదులు 4 పెట్టు, వ్యాలెన్స్ బ్యాండ్ (గ్యాప్‌కి కింద ఉండేది) పైకొసలో రెండు బ్యాండ్లు కలుస్తాయి కాబట్టి.