పెరటి స్పాలో గార: కఠిన జలాన్ని అదుపులో పెట్టడం ఎలా?

ప్రశ్న (చాండ్లర్, అరిజోనా నుంచి)

అందరికీ నమస్కారం. మా పెరట్లోని 350 గ్యాలన్ల యాక్రిలిక్ స్పాను (వేడినీటి స్నానపు తొట్టెను) ఐదు నెలల క్రితం నింపి, అప్పటినుంచి 102 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంచుతున్నాం. నీటి అంచు వెంబడి చుట్టూ తెల్లటి గార కట్టింది. వేలితో రాస్తే గరుకు కాగితంలా తగులుతోంది. ఫిల్టరు మడతలు బిరుసెక్కాయి, వారం రోజులుగా హీటరు మధ్యమధ్యలో ఆగిపోతోంది. చుక్కల కిట్‌తో చూస్తే కాల్షియం కాఠిన్యం 420 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఇన్ని పాళ్లు), ఆల్కలినిటీ (నీటిలోని బైకార్బనేట్ వంటి క్షారాల మోతాదు) 150 పీపీఎం వచ్చాయి. పీహెచ్ ఎంత తగ్గించినా నాలుగు రోజులకే 8.2 దాటుతోంది.

నాకు అర్థం కానిది ఏమిటంటే, మా ఇంట్లో ఉప్పుతో పనిచేసే సాఫ్ట్‌నర్ (నీటి కాఠిన్యం తీసే యంత్రం) ఉంది. అలాంటప్పుడు ఇంత కాఠిన్యం ఎక్కడినుంచి వచ్చింది? దుకాణంలో ఇచ్చిన గార నివారణ మందును, క్లోరిన్ షాక్ పొడిని క్రమం తప్పకుండా వారం వారం వేస్తున్నాను. పూర్తిగా మెత్తటి నీటితోనే (సాఫ్ట్‌నర్ నుంచి వచ్చే నీటితోనే) నింపితే హీటరు తుప్పు పడుతుందని కొందరు భయపెడుతున్నారు. దయచేసి తెలిసినవారు చెప్పండి.

జవాబు 1 (గిల్బర్ట్, అరిజోనా నుంచి)

మీరు స్పాను తోట గొట్టంతో నింపి ఉంటారు. మన ప్రాంతపు ఇళ్లలో సాఫ్ట్‌నర్ ఉన్నా, మొక్కలకు ఉప్పు తగలకూడదని బయటి కుళాయిలకు మామూలు నీళ్లే వెళ్లేలా పైపులు వేయడం పరిపాటి. వంటింటి కుళాయి నీటిని, బయటి కుళాయి నీటిని విడివిడిగా పట్టి పరీక్షించండి, సందేహం తీరిపోతుంది.

ఇంకో మాట. మీ షాక్ పొడి డబ్బా మీద కాల్షియం హైపోక్లోరైట్ అని ఉందేమో చూడండి. దానితో 10 పీపీఎం క్లోరిన్ వేసిన ప్రతిసారీ సుమారు 7 పీపీఎం కాఠిన్యం కూడా చేరుతుంది. దానికి తోడు ఆవిరైన నీటి స్థానంలో గొట్టం నీళ్లే పోస్తుంటే, ఆవిరి వెళ్లిపోతుంది గానీ కాల్షియం మాత్రం తొట్టెలోనే మిగిలి పేరుకుంటుంది.

జవాబు 2 (శాన్ ఆంటోనియో నుంచి)

పై జవాబు సరైనదే, అయితే అది సగం సమస్య మాత్రమే. ఇక్కడ టెక్సాస్‌లో మేము వాడేది ఎడ్వర్డ్స్ భూగర్భ జలాశయపు నీరు. సున్నపురాయి గుండా వచ్చే నీరు కాబట్టి మొదటి ఏడాది నేను కాఠిన్యం ఒక్కదాని వెంటే పడి, ఆల్కలినిటీని పట్టించుకోక ఒక హీటరును పోగొట్టుకున్నాను. మీరు ఆ పొరపాటు చేయకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి సోడియాన్ని పెడుతుందే తప్ప, ఆల్కలినిటీకి మూలమైన బైకార్బనేట్‌ను ముట్టుకోదు. జెట్లు గాలి బుడగలు చిమ్మినప్పుడల్లా నీటిలోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ పైకి పోతుంది. ఆల్కలినిటీ ఎంత ఎక్కువైతే అది అంత తొందరగా ఎక్కుతుంది. పీహెచ్ పెరిగిన నీటిలో కాల్షియం కార్బనేట్ నిలవలేదు. పైగా ఈ పదార్థం చక్కెరలా వేడికి కరగదు, వేడి పెరిగేకొద్దీ బయటికి వచ్చేస్తుంది. అందుకే గార ముందుగా హీటరుకే పడుతుంది. మన ఊళ్లలో బోరు నీళ్లు కాచిన రాగి బాయిలర్ లోపల పెచ్చులు కట్టడం చూసినవారికి ఈ సంగతి కొత్త కాదు.

420 పీపీఎం నీటిని బాగు చేయాలని చూడకుండా పారబోసి, కొత్తగా నింపడమే మేలు. బయటి నీరు 290, మెత్తటి నీరు సున్నా ఉందనుకుంటే చెరి సగం కలిపినప్పుడు 145 వస్తుంది. యాక్రిలిక్ తొట్టెకు 100 నుంచి 150 చాలు, మరీ తగ్గితే నురగ ఎక్కువవుతుంది. సిమెంటు ప్లాస్టరు స్పా ఉన్నవారు మాత్రం ఇంత తగ్గించకూడదు, ఆకలిగొన్న నీరు ప్లాస్టరులోని కాల్షియాన్నే తినేస్తుంది. మెత్తటి నీటిని వాషింగ్ మెషిన్ చల్లనీళ్ల కుళాయికి గొట్టం తగిలించి పట్టుకోవచ్చు. 175 గ్యాలన్లకు సాఫ్ట్‌నర్ మీద పడే భారం సుమారు 3,000 గ్రెయిన్లే (గ్రెయిన్ అంటే సాఫ్ట్‌నర్ తీసే కాఠిన్యాన్ని కొలిచే బరువు) కాబట్టి, 32,000 గ్రెయిన్ల యంత్రానికి అది పెద్ద లెక్క కాదు.

ఆ తరువాత ఆల్కలినిటీని 60 దగ్గరికి దించండి. 350 గ్యాలన్లలో 10 పీపీఎం తగ్గడానికి 31.45 శాతం మ్యూరియాటిక్ యాసిడ్ (హైడ్రోక్లోరిక్ ఆమ్లం) సుమారు 26 మిల్లీలీటర్లు పడుతుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, పంపు తిరుగుతుండగా ఒకసారికి 50 మిల్లీలీటర్లకు మించకుండా సన్నగా పోయండి. పీహెచ్ 7.2కు దిగగానే ఆపి, మూత తీసి, గాలి వాల్వులు తెరిచి జెట్లు నడపండి. పీహెచ్ మళ్లీ ఎక్కుతుంది గానీ ఆల్కలినిటీ ఎక్కదు. ఇలా కొన్ని విడతలు చేశాక పీహెచ్ 7.6, 7.8 మధ్య తనంతట తాను నిలబడటం మీరే చూస్తారు.

గార మందు వృథా కాదు, అయితే అది కాల్షియాన్ని తీసేయదు, పట్టి ఉంచుతుంది అంతే. దానిని క్లోరిన్ మెల్లగా విరగ్గొడుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ వేయవలసి వస్తుంది.

జవాబు 3 (గిల్బర్ట్ నుంచి)

హీటరు మార్చే ముందు ఫిల్టరు తీసేసి పది నిమిషాలు నడిపి చూడండి. అప్పుడు ఆగకుండా పనిచేస్తే, తప్పు ఫిల్టరుదే. ఫిల్టరును ముందుగా జిడ్డు వదిలించే ద్రావణంలో రాత్రంతా నానబెట్టి, కడిగి, ఆ తరువాతే పలుచటి యాసిడ్‌లో ముంచాలి. వరుస తారుమారైతే జిడ్డు గుడ్డలోనే బిగుసుకుపోతుంది. అంచున ఉన్న గారకు తెల్ల వెనిగర్‌లో తడిపిన మెత్తటి గుడ్డ చాలు, గీకవద్దు.

అడిగినవారి నుంచి

ఇద్దరికీ కృతజ్ఞతలు. బయటి కుళాయి 290, వంటింటి కుళాయి 10 లోపు ఉన్నాయి. డబ్బా మీద మీరు చెప్పిన పేరే ఉంది. ఫిల్టరు తీయగానే హీటరు ఆగకుండా నడిచింది. నీటిని సగం సగం కలిపి నింపి, యాసిడ్ నాలుగు విడతలు పోశాను. మూడు వారాలైంది, పీహెచ్ 7.7 దగ్గరే ఉంది, అంచు నున్నగా ఉంది. ఈసారి తీసే నీటిని నిమ్మచెట్టుకు పోయవచ్చా?

జవాబు 2 (శాన్ ఆంటోనియో నుంచి)

పోయవద్దండి. సోడియానికి, క్లోరైడుకు నిమ్మజాతి చెట్లు తట్టుకోలేవు, ఆకు అంచులు మాడతాయి. ముందుగా స్పా కరెంటు బ్రేకరు ఆపి, ఇంటి మురుగు పైపును శుభ్రం చేసేందుకు ఉండే మూత తీసి నీటిని అందులోకి వదలండి. మీ నగరపాలక సంస్థ నియమం ఎలా ఉందో ఒకసారి అడగండి. ఇకపై తగ్గిన నీటిని ఎప్పుడూ మెత్తటి కుళాయి నుంచే నింపండి.